మొద్దు కత్తే చెయ్యి కోస్తది

2024 ఫిబ్రవరి మొదటి వారంలో మా భాంజా కెనడాలోని కాల్గరీ నుంచి వరంగల్ వచ్చాడు. ఆటోలో నుంచి ముందు రెండు సూట్‌కేసులు, వాటి తర్వాత ఒక పొడుగాటి నల్ల సంచి దిగాయి. నిలబెడితే దాదాపు నా అంత ఎత్తు ఉంది. మండీ బజార్ గల్లీలో ఆడుకుంటున్న పిల్లలంతా చుట్టూ మూగారు. ఎదురింటి ఖాలా పరదా పక్కకు జరిపి చూసి, "క్యా రే బేటా, పర్‌దేస్ సే ఇస్త్రీ కా తఖ్తా లాయా క్యా?" అని అడిగింది. అందరం నవ్వాం. మా ఆపా మాత్రం నవ్వలేదు. ఆ సంచిలో ఏముందో ఆమెకు తెలుసు.

అందులో ఉన్నది స్నోబోర్డ్. రెండు కాళ్లూ దానికి బిగించుకుని మంచు వాలు మీద నిలబడి జారే పలక. 1965లో అమెరికాలోని మిషిగన్‌లో షెర్మన్ పాపెన్ అనే ఆయన తన కూతురు ఆడుకోవడానికి రెండు స్కీలను పక్కపక్కన కలిపి బిగించాడట. ఒక బాప్ తన బిడ్డ షౌక్ కోసం చేసిన ఆ బొమ్మే పెరిగి పెద్దదై 1998లో జపాన్‌లోని నాగానోలో ఒలింపిక్స్‌కి చేరింది.

మావాడి పలక ఆ మామూలు రకం కాదు. సినిమాల్లో కుర్రాళ్లు గాల్లోకి ఎగిరి పల్టీలు కొట్టే స్నోబోర్డ్ వెడల్పుగా, మెత్తగా ఉంటుంది. దానికి మెత్తటి బూట్లు వేసుకుంటారు. వీడిది ఆల్పైన్ బోర్డ్. సన్నగా, పొడుగ్గా, బిరుసుగా ఉంది. మామూలు పలక నడుము దగ్గర 25 సెంటీమీటర్లుంటే దీనిది 20కి లోపే. బూట్లు కూడా స్కీ బూట్లలాగా గట్టి ప్లాస్టిక్‌వి. ఎగరడం దీని పని కాదు. ఒక అంచు మీద వాలి, మంచును కోసుకుంటూ మలుపు తిరగడం దీని పని. దాన్నే కార్వింగ్ అంటారు.

"మామూ, గుల్‌మార్గ్ పోదాం" అన్నాడు, చాయ్ కప్పు కింద పెట్టకముందే. కాల్గరీలో 1988లో వింటర్ ఒలింపిక్స్ జరిగాయి. ఆ స్కీ పోటీల కోసం తయారు చేసిన నకిస్కా కొండ మీదే వీడు నేర్చుకున్నాడు. ఆ పోటీలకు మన దేశం నుంచి వెళ్లినవాళ్లలో కశ్మీర్‌కు చెందిన గుల్ ముస్తఫా దేవ్ ఒకరు. "అక్కడి నుంచి ఇక్కడికి వచ్చి ఆడారు. నేను ఇక్కడి నుంచి అక్కడికి పోయి ఒక్కసారి జారాలి. అమ్మీ కళ్ల ముందు జారాలి" అన్నాడు.

ఆ జనవరిలో గుల్‌మార్గ్‌లో మంచే లేదు. ఎండిపోయిన గోధుమ రంగు వాలుల ఫోటోలు పేపర్లలో వచ్చాయి. నెలాఖరుకు గానీ బర్ఫ్ పడలేదు. వీడు సెలవు చీటీ చేత పట్టుకుని ఆ వార్త కోసమే ఎదురు చూశాడు.

ఆపా ఒక్క మాటే అంది. "నక్కో."

ఆమెను తప్పు పట్టలేను. మా దుల్హాభాయ్ గుజర్ గయే పన్నెండేళ్లయింది. వీడొక్కడే ఔలాద్. వరంగల్‌లో చలికాలం అంటే మాకు ఒక రజాయి, ఒక మఫ్లర్, ఇరానీ చాయ్. మంచు అంటే ఫ్రిజ్‌లో గీకి తీసేది. అటువంటి ఇంటి నుంచి ఒక పిల్లవాడు కొండ మీద నుంచి పలక కట్టుకుని కిందికి పోతానంటే ఏ తల్లి హాఁ అంటుంది? "ఈ జిస్మ్ అల్లా ఇచ్చిన అమానత్ రా. తమాషాకు విరగ్గొట్టుకునేది కాదు" అంది. అందులో జవాబు చెప్పడానికి ఏముంది?

అసలు సంగతి మర్నాడు బయటపడింది.

సంచి విప్పి చూస్తే బోర్డ్ రెండు అంచుల పొడుగునా తుప్పు. ఈ పలకల అంచుకు సన్నటి ఉక్కు పట్టీ ఉంటుంది. తడి ఆరకుండా సంచిలో పెట్టి జిప్పు వేస్తే రెండు మూడు రోజుల్లోనే తుప్పు పడుతుంది. మావాడు చేసిన గల్తీ అదే. తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్న మా అబ్బా, "ఇటు తే" అని చెయ్యి చాపారు.

మా అబ్బాకు అప్పటికి ఎనభై దాటాయి. నలభై ఏళ్లు ఈ షహర్‌లో సాన పట్టి మమ్మల్ని పెంచారు. మండీ బజార్ కసాయి దుకాణాల కత్తులు, దర్జీల కైంచీలు, కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్ల కత్తెర్లు, బక్రీద్ ముందు వారమంతా ఇంటింటి ఛురీలు. ఇప్పుడు ఎవరూ సాన పట్టించుకోరు. మొద్దుబారితే పారేసి కొత్తది కొంటారు. సాన చక్రం మేడ మెట్ల కింద పడి ఉంది. ఆకురాళ్లు మాత్రం ఆయన మంచం కింద డబ్బాలోనే ఉన్నాయి.

ఆయన బోటనవేలి గోరు అంచు మీద ఆనించి మెల్లగా లాగి చూసుకున్నారు. పదునుంటే గోరు నుంచి సన్నటి పొట్టు లేవాలి. ఏమీ లేవలేదు. "దీంతోనా నువ్వు పహాడ్ మీద నుంచి దిగేది?"

"మీరెట్ల కనిపెట్టిన్రు నానాజాన్? మేమూ గోరు మీదే చూస్తం" అన్నాడు భాంజా, నోరు తెరిచి.

ఇద్దరూ వరండాలో కూర్చున్నారు. వీడి దగ్గర ఆకురాయిని ఒకే కోణంలో పట్టి ఉంచే చిన్న ప్లాస్టిక్ పనిముట్టు ఉంది. పక్క అంచు 88 డిగ్రీలకు రావాలట. అబ్బా దాన్ని తిప్పి చూసి, "ఇది కత్తి ధార కాదు, కైంచీ ధార. కత్తికి వాలుగా పడతం, కైంచీకి నిలువుగా పడతం" అన్నారు. ముందు తుప్పు తీశారు. తర్వాత ముక్కు నుంచి తోక దాకా ఒకే దిశలో, ముందుకూ వెనక్కూ రుద్దకుండా ఆకురాయి నడిపించారు. చివర అంచున లేచిన సన్నటి ఇనుప పొరను రాయితో తీసేశారు. ఆ తర్వాత ముక్కు దగ్గర, తోక దగ్గర కొద్ది మేర మళ్లీ మొద్దు చేయమన్నాడు వీడు. అక్కడ కూడా పదునుంటే మలుపు మొదలయ్యేటప్పుడు అంచు అనుకోకుండా మంచులో చిక్కి మనిషిని విసిరేస్తుందట. అబ్బా నవ్వారు. "ఎక్కడ మొద్దు చేయాల్నో తెలుసుకునుడు కూడా హునరే."

ఇక అడుగు భాగం మిగిలింది. దానికి మైనం పట్టించాలి. ఆపా పాత ఇస్త్రీ పెట్టె అడిగాడు. తక్కువ వేడి మీద మైనం కరిగించి పలక అడుగున చుక్కలుగా రాల్చి, ఇస్త్రీ చేసినట్టే పరిచి, ఆరాక గీకేసి బ్రష్ కొట్టాడు. మైనం ఆ ప్లాస్టిక్‌లోకి ఇంకితేనే పలక మంచు మీద అతుక్కోకుండా పోతుంది. ఎదురింటి ఖాలా మళ్లీ పరదా జరిపి చూసి, "మై బోలీ నా, ఇస్త్రీ కా తఖ్తాచ్ హై!" అంది. ఈసారి ఆపా కూడా నవ్వింది.

ఆ నవ్వులోనే అబ్బా అడిగారు. "మొద్దు కత్తే చెయ్యి కోస్తది బేటా. పదునున్న కత్తి ఎక్కడ పెడితే అక్కడే తెగుతది. మొద్దుది జారి చేతి మీదికొస్తది. దీంతో నువ్వు ఎన్నడన్నా పడ్డవా?"

వాడు తల దించుకున్నాడు. నిమిషం సేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చొక్కా గుండీ విప్పి కుడి భుజం దగ్గర గడ్డ కట్టిన ఎముక చూపించాడు. పోయిన సంవత్సరం మార్చిలో కాలర్ బోన్ విరిగిందట. గట్టి ఐసు మీద మొద్దుబారిన అంచు పట్టు తప్పి, పక్కకు జారి, భుజం మీద పడ్డాడు.

ఆపా లేచి నిలబడింది. "అందుకేనా ఆ నెలంతా వీడియో కాల్‌లో ఎడమ చేత్తో తిన్నది? నేను డాంటితే, ఫోన్ కెమెరా ఉల్టా చూపిస్తది అమ్మీ అన్నవు కదా!"

ఆ సాయంత్రం మా ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. నిజం చెప్పాలంటే ఎముక విరిగినందుకు కాదు ఆపా ఏడ్చింది. ఝూట్ చెప్పినందుకు ఏడ్చింది. "నీకు దెబ్బ తగిలిన రోజు నేను ఇక్కడ ఖాలా వాళ్లింట్ల దావత్ తిని వచ్చిన రా. నాకు దువా చేసే మౌకా కూడా ఇయ్యలే నువ్వు" అంది. వాడి దగ్గర సమాధానం లేదు. ఫికర్ చేస్తుందని దాచాడు. ప్రతి ఇంట్లో పర్‌దేస్‌లో ఉన్న పిల్లలు చేసేది అదే. మనం కూడా ఇక్కడి బీపీలు, షుగర్లు, ఆస్పత్రులు వాళ్లకు దాస్తాం. రెండు వైపులా మొద్దు కత్తులే.

పొద్దున ఫజర్ తర్వాత ఆపా తన ఫైసలా చెప్పింది. "పో. కానీ నేనూ వస్తా. మామూ కూడా వస్తడు. మనుషులు కాపలా కాసే వాలు మీదే జారాలి. పై కొండ జోలికి పోవద్దు. హెల్మెట్ తీయొద్దు. ఇంకెన్నడూ దాచొద్దు." ఇజాజత్‌తో పాటు షర్తులు కూడా వచ్చాయి. వాడు ఒక్కొక్కదానికీ "హౌ అమ్మీ" అన్నాడు.

శ్రీనగర్‌లో దిగి పొద్దున్నే హరీసా తిన్నాం. మన దగ్గర రంజాన్‌లో తినే హలీమ్‌కు చుట్టమే. అయితే గోధుమలకు బదులు బియ్యం, మటన్ కలిపి రాత్రంతా ఉడికిస్తారు. చలికాలం పొద్దుటి పూట మాత్రమే దొరుకుతుంది. అక్కడి నుంచి గుల్‌మార్గ్ సుమారు 50 కిలోమీటర్లు. తంగ్‌మార్గ్ దాటాక మంచు పడిన రోజుల్లో బండి చక్రాలకు గొలుసులు కడితేనే పైకి వదులుతారు.

గుల్‌మార్గ్ దాదాపు 2,650 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి గొండోలా, అంటే తీగ మీద నడిచే డబ్బాలు, రెండు అంచెల్లో పైకి పోతాయి. మొదటి అంచె 1998లో మొదలైంది. 3,000 మీటర్ల పైచిలుకు ఎత్తున్న కొంగ్‌డూరి దాకా. రెండోది 2005లో వచ్చింది. దాదాపు 3,900 మీటర్ల పైన అఫర్వాత్ భుజం దాకా. గాలి ఎక్కువైనా, హిమపాతం ఖతరా ఉన్నా పై అంచె ఆపేస్తారు.

ఒక మాట ముందే చెప్పాలి. కార్వింగ్ షౌక్ ఉన్నవాళ్లకు గుల్‌మార్గ్ అసలు జాగా కాదు. ప్రపంచం నలుమూలల నుంచి అక్కడికి వచ్చేది మెత్తటి లోతు మంచు కోసం. కార్వింగ్‌కు కావలసింది యంత్రంతో చదును చేసి గట్టిపరచిన వాలు. అందుకే మొదటి రోజు మావాడి సన్న పలక ముక్కు మంచులో కూరుకుపోయి రెండుసార్లు బోర్లా పడ్డాడు. ఆపా కళ్లు మూసుకుంది. మెత్తటి మంచు, దెబ్బ తగల్లేదు. రెండో రోజు పొద్దున్నే, రాత్రి చలికి చదును వాలు గట్టిపడి ఉండగా, జనం రాకముందే కొంగ్‌డూరి చేరాం.

పైన నిలబడి నాకు నేర్పుతున్నట్టు చెప్పాడు. "మామూ, ఈ పలక నడుము దగ్గర సన్నగా ఉంది చూడండి. అంచు మీద వాలిస్తే బరువుకు వంగి విల్లు లాగా అయితది. ఆ వంపు మీదే అది తిరుగుతది. మనం తిప్పొద్దు. భయపడేటోడు తోకను కాలితో తోసి తిప్పుతడు. అప్పుడు పలక అడ్డంగా జారుతది, మంచు చీపురుతో ఊడ్చినట్టు అయితది."

పాదాలు ముందుకు తిరిగి ఉండడానికి కారణం కూడా చెప్పాడు. మామూలు స్నోబోర్డ్ మీద పాదాలు దాదాపు అడ్డంగా ఉంటాయి. సన్న పలక మీద అలా పెడితే వేళ్లూ మడమలూ అంచు దాటి బయటికి వస్తాయి. బాగా వాలగానే బూటు మంచుకు తగిలి పలక లేచిపోతుంది. అందుకే 50, 60 డిగ్రీల దాకా ముందుకు తిప్పి బిగిస్తారు. ఇక వాలడం అంటే భుజాన్ని మంచు వైపు పడేయడం కాదు. మోకాళ్లు, నడుము మలుపు లోపలికి పోవాలి. భుజాలు వాలుకు సమంగా నిలవాలి. చూపు కాళ్ల దగ్గర కాదు, మలుపు ఎక్కడ ముగుస్తుందో అక్కడ ఉండాలి. వేగం తగ్గించాలంటే గీరడం అక్కర్లేదు. మలుపును పూర్తి కానిస్తే చాలు. పలక వాలుకు అడ్డంగా వచ్చి, కాస్త పైకి తిరిగి, దానంతటదే నెమ్మదిస్తుంది.

బిస్మిల్లా అని దిగాడు. కర్ర్‌మని కైంచీ బట్టను కోసినట్టు చప్పుడు. ఎడమకు వాలాడు, నడుము మంచుకు జానెడు దూరంలోకి వచ్చింది. లేచాడు, కుడికి వాలాడు. కింద కుర్చీలో కూర్చున్న ఆపా దగ్గర ఆగి, వెనక్కి చూపించాడు. తెల్లటి వాలు మీద పెన్సిల్‌తో గీసినంత సన్నటి గీత. ముక్కు పోయిన దారిలోనే తోక పోయింది. పక్కన ఇంకెవరో జారిన దారి మూరెడు వెడల్పున చెదిరిపోయి ఉంది.

ఆపా చాలాసేపు ఆ గీతనే చూసింది. "అబ్బాకు ఫోటో పంపు" అంది.

నేనూ ఒక మెత్తటి బూట్ల బోర్డ్ కిరాయికి తీసుకున్నాను. కింద పిల్లలు నేర్చుకునే వాలు మీద పది గజాలు పోయి కూర్చుండిపోయాను. నా వెనక దారి గీత కాదు, వాకిలి ఊడ్చినట్టుంది. ఖౌఫ్ ఉన్నవాడి దారి అలాగే ఉంటుందని అర్థమైంది.

మూడో రోజు అసలు పరీక్ష వచ్చింది. హోటల్‌లో పరిచయమైన ఇద్దరు స్కీ కుర్రాళ్లు, పై అంచె తెరిచారు, అఫర్వాత్ పక్క వాలులో ఎవరూ తొక్కని మంచుంది, రమ్మన్నారు. బోర్డ్ కూడా కిరాయికి దొరుకుతుందన్నారు. ఆపా గదిలో జొహర్ నమాజ్‌లో ఉంది. భాంజా నా వైపు చూశాడు. నేను ఏమీ అనలేదు. ఆ మాట వాడిదే కావాలి. "నా దగ్గర మంచు కింద మనిషిని వెతికే ట్రాన్స్‌మిటర్ లేదు, పార లేదు, ఈ పహాడ్ తెలిసిన ఉస్తాద్ లేడు. ఇంకోటి, అమ్మీ ఇజాజత్ ఇక్కడి దాకే" అన్నాడు. వాళ్లు వెళ్లిపోయారు. సాయంత్రం క్షేమంగా తిరిగొచ్చారు కూడా. వాడి ముఖంలో కాస్త అఫ్సోస్ కనిపించింది. దాచలేదు. "పోవాలని చాలా అనిపించింది మామూ" అన్నాడు.

మేం వరంగల్ చేరాక, ఫిబ్రవరి 22న టీవీలో వార్త. గుల్‌మార్గ్ ఎగువ వాలుల్లో హిమపాతం, ఒక రష్యా స్కీయర్ మృతి. అంతకు ముందు సంవత్సరం ఫిబ్రవరి 1న అఫర్వాత్ మీద ఇద్దరు పోలెండ్ వాళ్లు అలాగే పోయారు. ఆపా టీవీ కట్టేసి వాడి తల మీద చెయ్యి పెట్టింది. ఒక్క మాట అనలేదు. వాడూ అనలేదు.

వెళ్లాలనుకునే కుటుంబాలకు నా తజుర్బాలో నుంచి కొన్ని మాటలు. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, ఇంట్లో ఒకరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. గొండోలా టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. పొడుగు సంచి ఉంటే విమానం వాళ్లకు ముందే చెప్పండి, తిరుగు ప్రయాణంలో శ్రీనగర్ ఎయిర్‌పోర్ట్‌కు చాలా తొందరగా చేరండి, తలాషీలు ఎక్కువ. మీ బీమాలో ఇటువంటి ఆటలు కలిసి ఉన్నాయో లేవో చదివి చూసుకోండి. 2025 జూన్ నుంచి కట్రా, శ్రీనగర్ మధ్య వందేభారత్ రైలు నడుస్తోంది, విమానం ఖర్చు భరించలేని వాళ్లకు అదొక దారి. హలాల్ భోజనం గురించి ఫికర్ అక్కర్లేదు. మొదటిసారి నేర్చుకునేవాళ్లు సొంత సామాన్ కొనొద్దు, కిరాయికి దొరుకుతుంది. పిల్లలకు అక్కడి ఉస్తాద్‌నే పెట్టండి.

అక్కడి కిరాయి దుకాణాలను చిన్నచూపు చూడొద్దు. 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి వెళ్లిన ఒకే ఒక్క ఆటగాడు ఆరిఫ్ ఖాన్, గుల్‌మార్గ్‌లో స్కీ దుకాణం నడిపిన తండ్రి కొడుకు. జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానంలో నిలిచాడు. బాప్ హునర్ బేటాకు ఏ దారిలో అందుతుందో ఎవరు చెప్పగలరు?

మా అబ్బా ఆకురాళ్లలో ఒకటి ఇప్పుడు కాల్గరీలో ఉంది. వెళ్లేటప్పుడు ఆయనే పాత గుడ్డలో చుట్టి ఇచ్చారు. ప్రతి జుమ్మా ఫోన్‌లో సలాం తర్వాత ఆయన అడిగే మొదటి మాట, "గోరు మీద చూసినవా?"

పోయిన చలికాలం ఒక రాత్రి ఆపా ఫోన్ మోగింది. మనకు రాత్రి పదకొండు, వాడికి పొద్దున పదిన్నర. "అమ్మీ, ఇప్పుడే పడ్డ. మణికట్టు బెణికింది. ఎముకకు ఏం కాలేదని డాక్టర్ చెప్పిండు. మొదలు మీకే చేస్తున్న" అన్నాడు. ఆపా అరగంట సేపు డాంటింది. నాకు పక్క గదిలోకి వినిపించింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది, "ఏ చెయ్యి? కుడిదా? అయితే ఈ వారం ఎడమ చేత్తో తిను, మాఫ్ చేస్తా."